కుశలం అడిగినందుకు

వీరరాఘవమ్మ విస్తరి ముందు నుంచి లేచి వెళ్ళిపోయింది. ఎందుకు వెళ్ళిందో సత్యానందానికి అర్థం కాలేదు. అసలు దరిద్రమంతా అదే.

వడ్డన అయిపోయింది. పప్పు మీద నెయ్యి కూడా పడింది. అయ్యగారు మొదటి ముద్ద కలిపితే తిందామని పంక్తి అంతా చూస్తోంది. అప్పుడు లేచిందావిడ. కొంగు దులుపుకుంది, చెప్పులేసుకుంది, ఎండలో పడి వెళ్ళిపోయింది. వడ్డించిన అన్నం వదిలి ఒక పెద్దావిడ వెళ్ళిపోవడమంటే ఆ ఇంటికి ఎంత తలవంపో వేరే చెప్పాలా?

చిదంబరయ్యగారి ఆశ్రమంలో వంట నాది. పేరిందేవమ్మంటారు నన్ను. అయ్యగారి దగ్గర ఉపదేశం తీసుకున్నాను గానీ గరిటె మాత్రం వదల్లేదు. వీరరాఘవమ్మ పక్క ఊరి మనిషి. పున్నమి పున్నమికి నడిచొస్తుంది. తత్వాలు ఆవిడ ఎత్తుకుంటేనే మా భజన సాగేది.

సత్యానందం అయ్యగారి శిష్యుడు. వయసులో చిన్నవాడు, చెడ్డవాడని అనను. శ్లోకం చదివితే వినబుద్ధవుతుంది. వచ్చినవాళ్ళను పలకరించి కూర్చోబెట్టే పని అయ్యగారు ఆ మధ్య అతనికి అప్పగించారు. అప్పటినుంచి మొదలైంది మా ఖర్మ.

తల నెరిసిన ఆడమనిషి కనిపిస్తే చాలు, చేతులు కట్టుకుని ఎదురుగా చతికిలబడేవాడు. వయసెంతమ్మా? పిల్లలెంతమంది? ఎవరి దగ్గరుంటున్నారు? కోడలు సరిగ్గా చూస్తుందా? ఈ వయసులో ఇంకా ఎందుకమ్మా ఈ తిరుగుడు? అంతా తేనె పూసిన గొంతుతోనే. నన్ను కూడా అడిగాడు, వచ్చిన కొత్తలో. "పిన్నిగారూ, బాబాయిగారు ఎలా పోయారు?" అని. నేను పోపు వేస్తున్నాను. ఆవాలు మాడిపోయాయి. ఏమనాలి ఆ మనిషిని?

పైగా అదంతా మర్యాద అనుకునేవాడు. "పెద్దవాళ్ళను ఎవరో ఒకరు పలకరిస్తే వాళ్ళకు ప్రాణం లేచొస్తుంది పిన్నీ" అన్నాడొకసారి నాతో. ఎవరి ప్రాణం లేచొచ్చిందో నేను చూడలేదు.

ఆ రోజు వీరరాఘవమ్మ దొరికింది. నేను కూర వడ్డిస్తూ వింటూనే ఉన్నాను.

"పిల్లలెంతమందమ్మా?"

"లేరు నాయనా."

"అయ్యో! అసలు పుట్టలేదా?"

ఆవిడ విస్తరి కేసి తల వంచుకుంది. అక్కడైనా ఆగాడా?

"పోనీ ఎవర్నైనా పెంచుకోవాల్సిందమ్మా. రేపు ఏదన్నా అయితే తలకొరివి ఎవరు పెడతారు?"

చేతిలో ఉన్న కూర గిన్నె వాడి నెత్తిన బోర్లించాలనిపించింది నాకు. అప్పుడే ఆవిడ లేచింది.

"ఏమైందమ్మా? ఒంట్లో బాగా లేదా?" అంటూ వాకిలి దాకా వెంటపడ్డాడు. చూశారా, అప్పుడు కూడా ప్రశ్నే!

తిరిగొచ్చి అయ్యగారి ముందు నిలబడ్డాడు. "నేనేమీ తప్పు మాట్లాడలేదండీ. కుశలప్రశ్నలే అడిగాను. ఆవిడకే ఎందుకో కోపం వచ్చింది. పెద్దతనం కదండీ, ఊరికే..."

అయ్యగారికి కోపం వస్తే అరవరు. దవడ ఒక్కటి బిగుసుకుంటుంది. ఆయన మెతుకు ముట్టకుండా తన విస్తరి రెండంచులూ పట్టుకుని మడిచేశారు. పంక్తిలో ఎవరూ విస్తరిలో చెయ్యి పెట్టలేదు.

"మీరు కానివ్వండి" అన్నారు మిగతావాళ్ళతో. నావైపు తిరిగి, "వీరరాఘవమ్మ భోజనం క్యారియర్లో సర్దమ్మా" అన్నారు. అప్పుడు చూశారు సత్యానందం వంక.

"తీసుకెళ్ళు. ఆవిడ తిన్నాక రా. అప్పటిదాకా నాకు అన్నం లేదు."

"అలాగేనండీ. ఆవిడకు ఏమని చెప్పమంటారు?"

"ఏమీ చెప్పొద్దు. ఏమీ అడగొద్దు. నీ నోట్లోంచి ఒక్క ప్రశ్న వచ్చిందా, అటునుంచి అటే మీ ఊరు వెళ్ళిపో. నేను తినలేదన్న సంగతి ఆవిడ చెవిన పడకూడదు. నువ్వు కూడా వెళ్ళు పేరిందేవమ్మా. బతిమాలకు."

సత్యానందం మొహంలో నెత్తుటి చుక్క లేదు. మీ ఊరు వెళ్ళిపో అని అయ్యగారు ఎవరినీ అనగా నేను వినలేదు. అయినా నాకు జాలి కలగలేదు, నిజం చెప్తున్నా.

ఎండ మాడ్చేస్తోంది. దారిలో అతను "పిన్నీ, ఆవిడ..." అని మొదలుపెట్టి మింగేశాడు. నేను తలతిప్పి కూడా చూడలేదు.

వీరరాఘవమ్మ పంచలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. కాళ్ళ దుమ్ము కూడా కడుక్కోలేదు. అతన్ని చూడగానే అంతెత్తున లేచింది.

"మళ్ళీ ఎందుకొచ్చావురా? అడగడానికి ఇంకా ఏమైనా మిగిలాయా?"

అతను క్యారియరు ఆవిడ పక్కన పెట్టి నిలబడ్డాడు.

"మాట్లాడవేం? అక్కడ గలగలా వాగావుగా!"

అతను చేతులు జోడించాడు.

"దించు ఆ చేతులు! నీ దండాలు చూస్తుంటేనే ఒళ్ళు మండిపోతోంది. దండం పెట్టి మరీ పొడుస్తావు. పిల్లలెంతమందా? ఏం లెక్క చెప్పమంటావురా? పుట్టి పోయినవాళ్ళను కలపనా, తీసెయ్యనా? చెప్పు!"

ఇన్నేళ్ళ నుంచి ఆవిడ పక్కన కూర్చుని పాడాను. నాకూ తెలియదు.

"అంత దూరం నడిచొచ్చానే, దాహానికి మంచినీళ్ళిచ్చావా? ఆ తత్వం ఎవరి దగ్గర నేర్చుకున్నావమ్మా అని ఒక్కసారి అడిగావా? అడిగితే పొద్దుగూకే దాకా చెప్పేదాన్ని కదరా! తలకొరివి కావాలా నీకు? బతికున్నాన్రా నేను! ఇంకా బతికే ఉన్నాను!"

సత్యానందం పెదవులు కదిలాయి. ఏదో అడగబోయాడు. అతను పళ్ళ బిగువున ఆపుకున్నాడు. మెల్లగా మెట్టు కింద నేల మీద కూలబడ్డాడు.

ఆవిడ ఇంకా తిట్టింది. అతన్ని తిట్టింది, నన్ను తిట్టింది, ఊళ్ళో వాళ్ళందరినీ తిట్టింది. పెళ్ళిళ్ళలో, నీళ్ళ దగ్గర, బస్సులో పక్క సీట్లో, ఎక్కడ కూర్చున్నా ఇదే అడుగుతారట. తిట్టి తిట్టి గొంతు బొంగురుపోయింది.

అప్పుడు చెప్పింది, పోయిన ఆ పిల్లల గురించి. ఒక్కొక్కరి పేరూ చెప్పింది. ఆ చెప్పిందేమిటో నేను మీకు చెప్పను. మీరూ అడగొద్దు.

అతను కదల్లేదు. అయ్యో అనలేదు. ఎండ అతని వీపు మీదికి వచ్చింది, అయినా జరగలేదు. విన్నాడు, అంతే.

చాలాసేపటికి ఆవిడ చీర కొంగుతో మొహం తుడుచుకుంది. క్యారియరు దగ్గరికి లాక్కుంది. మూత తీసి, "పప్పు చల్లారిపోయింది" అని నన్ను కసిరింది, అదేదో నా తప్పయినట్టు. కలుపుకుని తినడం మొదలుపెట్టింది.

నాలుగు ముద్దలు తిన్నాక అతని వంక చూసింది.

"నువ్వు తిన్నావా?"

అతను తల అడ్డంగా ఊపాడు.

మూతలో ఇంత అన్నం పెట్టి అతని వైపు తోసింది. "తిను. నా మొహం చూస్తూ కూర్చోకు."

అతను నావంక చూశాడు. అక్కడ అయ్యగారు పస్తు. తిననంటే ఎందుకో చెప్పాలి. తల వంచుకుని తిన్నాడు. కన్నీళ్ళు అన్నంలో పడుతూనే ఉన్నాయి.

మేము లేస్తుంటే ఆవిడ అంది: "మళ్ళీ పున్నమికి వస్తానని మీ అయ్యగారికి చెప్పకండి. నా కోపం ఇంకా పోలేదు."

మేము తిరిగొచ్చేసరికి అయ్యగారు వసారాలో అలాగే కూర్చుని ఉన్నారు.

"తిన్నదా?"

"తిన్నారండీ."

"ఇంతసేపూ ఏం చెప్పింది?"

మామూలుగా అయితే సత్యానందం కింద కూర్చోకముందే అంతా ఒలకబోసేవాడు. ఎవరింట్లో ఏముందో మా పాలవాడికి కూడా తెలిసేది ఇతని వల్లే. ఇప్పుడు తల వంచుకుని నిలబడ్డాడు. అయ్యగారు మళ్ళీ అడిగారు.

"నిన్నే. ఏం చెప్పింది?"

గురువు అడుగుతున్నాడు, శిష్యుడు పెదవి విప్పట్లేదు. ఇక పొమ్మంటారనే అనుకున్నాను.

అయ్యగారు అతని మొహంలోకి చూశారు. తర్వాత కాళ్ళు కడుక్కోవడానికి లేచారు.

"విస్తరి వెయ్యవయ్యా" అన్నారు. "ఆకలేస్తోంది."