నలభై ఎనిమిదో మనిషి

వెట్టిచాకిరీకి రామన్నారని కోట దొర ఒక ఊరి జనాన్ని పట్టి తెప్పించాడు. కోట ముంగిట్లో నలభై ఏడుగురు నిలబడ్డారు. దొర లెక్కపెట్టుకుని నవ్వాడు.

"నా భటులు తెచ్చిన వాళ్లంతా సమానమైన వరసల్లో నిలబడితే వదిలేస్తాను. ఒకే వరస కుదరదు, వరసకు ఒక్కరంటే కుదరదు. ఎవరు మిగిలినా అందరూ రాతిగనికే!"

ఇటుకలు పేర్చే పైడమ్మ వరసలు కట్టించింది. ఇద్దరేసి నిలబెడితే ఒకరు మిగిలారు. ముగ్గురేసి అయితే ఇద్దరు, నలుగురేసి అయితే ముగ్గురు, ఐదుగురేసి అయితే ఇద్దరు, ఆరుగురేసి అయితే ఐదుగురు మిగిలారు. ఏడుగురేసి అయితే ఐదుగురు మిగిలారు, అంతకు మించి ఎలా నిలబెట్టినా ఎవరో ఒకరు మిగులుతూనే ఉన్నారు. ఇక దారి లేదని తల్లులు పిల్లల్ని పట్టుకుని ఏడ్చారు.

పైడమ్మ గుమ్మం దగ్గరికి నడిచింది. దారిలో దెబ్బలకు చనిపోయిన ఆమె మొగుడు సింహాద్రిని భటులు అక్కడే పడేశారు. ఆమె అతన్ని మోయించుకొచ్చి చివరి వరసలో పడుకోబెట్టింది.

"శవాన్నెందుకు తెచ్చావే?" అన్నాడు దొర.

"ఈయన్నీ మీ భటులే తెచ్చారు దొరా. ఇప్పుడు ఆరు వరసలు, వరసకు ఎనిమిది మంది."

అందరి ముందూ ఇచ్చిన మాట. దొర తలుపులు తీయించాడు.

బయటపడిన జనంలో ఎవరూ నవ్వలేదు. "అందర్నీ విడిపించి, నన్నొక్కదాన్నీ వదిలి పోయావు కదయ్యా" అంటూ పైడమ్మ శవం పక్కనే ఊరిదాకా నడిచింది.