మూడు గంపల చిలక

అనగనగా ఒక రాజు. ఆయనకు ఏడుగురు కొడుకులు లేరు, ముగ్గురే. రాజు పేరు దృఢవర్మ. రాజ్యం పేరు మాటకోట.

మాటకోటలో ఒకటే చట్టం. నోటి నుంచి వచ్చిన మాట మార్చకూడదు. ఒకరికి ఇచ్చిన మాటే కాదు, ఏ మాటైనా సరే. వాన వచ్చేట్టుందని గొడుగు విప్పినవాడు ఎండ కాసినా గొడుగు ముడవకూడదు. వంకాయ కూర వద్దన్నవాడి విస్తట్లో మళ్లీ జన్మలో వంకాయ పడకూడదు. మూడో రాజకుమారుడు చారుకేతు అయిదేళ్ల వయసులో ఒక పుల్లటి మామిడిపండు కొరికి, "ఛీ, నాకు మామిడిపండు వద్దు" అన్నాడు. అంతే. అప్పటి నుంచి ప్రతి వేసవిలోనూ అన్నలు ఎదురుగా కూర్చుని రసాలు జుర్రుకుంటుంటే చారుకేతు పెరుగన్నం తిని లేచేవాడు.

"నాన్నగారూ, అప్పుడు ఒక్క పండే చూశాను. ఇప్పుడు బుట్టెడు చూస్తున్నాను. చూసింది మారితే మాట మారకూడదా?" అని అడిగేవాడు.

"రాజవంశంలో పుట్టి ఆ ప్రశ్నేమిట్రా?" అనేవాడు రాజు. అన్నలు వాడికి గాలిపటం అని పేరు పెట్టారు.

ఇలా ఉండగా, ఏడు సముద్రాల అవతలి దీవి నుంచి గండశిలుడనే మాంత్రికుడు వచ్చాడు. మాటకోట మీది మేఘాలన్నిటినీ గొర్రెల మందలా అదిలించి తోలుకుపోయాడు. పోతూ పోతూ బురుజు మీద నిలబడి చాటింపు వేశాడు.

"నా ప్రాణం ఒక చిలకలో ఉంది. దమ్మున్నవాడు వచ్చి గెలుచుకోవచ్చు. మూడు గంపలు బోర్లిస్తాను. ఒకదాని కింద చిలక ఉంటుంది. మీరు ఒక గంప మీద చెయ్యి వెయ్యాలి. మిగిలిన రెంటిలో ఖాళీది ఒకటి ఎత్తి చూపిస్తాను. అప్పుడు, మనసు మార్చుకుంటావా అని అడుగుతాను. ఇది ఏడో సముద్రపు అమ్మవారు నాకు వరమిస్తూ పెట్టిన షరతు. తప్పితే నేనే బూడిదవుతాను. మొత్తం ముప్పై ఆటలు. ప్రతి ఆటకూ చిలక చోటు మారుస్తాను. సగానికి మించి గెలిస్తే చిలక మీది, మేఘాలు మీవి. లేదంటే రాయైపోతారు."

పెద్దకొడుకు ధ్రువకేతు రెక్కల గుర్రం ఎక్కి ఒక్క పూటలో సముద్రాలు దాటాడు. తిరిగి రాలేదు. రెండో కొడుకు జయకేతు గాలి ఓడ ఎక్కి వారంలో దాటాడు. తిరిగి రాలేదు. ఇద్దరి కిరీటాలూ అలల మీద కొట్టుకొచ్చి ఒడ్డున పడ్డాయి.

బావులు ఎండిపోయాయి. చారుకేతు తండ్రి ముందుకొచ్చి నిలబడ్డాడు.

"నేను వెళ్తాను."

"వద్దు. నువ్వక్కడ మాట మార్చి వంశం పరువు తీస్తావు. రాయైపోయినా కొడుకనే అనుకుంటాను. మాట మారిస్తే మాత్రం ఈ కోట గడప తొక్కకు."

"పరువు సంగతి తరవాత చూద్దాం నాన్నగారూ. ముందు జనం గొంతు తడవాలి" అని చారుకేతు బయటికి నడిచాడు.

అతనికి గుర్రం లేదు, ఓడ లేదు. సముద్రపు ఒడ్డున ఒక ముసలి తాబేలు వెల్లకిలా పడి కాళ్లు కొట్టుకుంటోంది. చారుకేతు దాన్ని తిరగేశాడు.

"దీవికి తీసుకుపోతాను నాయనా. కానీ నాది తాబేలు నడక. తొందరుంటే వేరేవాళ్లని చూసుకో" అంది తాబేలు.

"ఇప్పటిదాకా తొందరపడి వెళ్లినవాళ్లు ఏమయ్యారో చూశాం కదా తాతా. నీ నడకే నడుద్దాం."

దాహానికి తాళలేక ఊరొదిలిపోతున్న కాకి ఒకటి, ఉడుత ఒకటి కూడా వచ్చి తాబేలు వీపు మీద కూర్చున్నాయి.

దారి పొడుగునా చెయ్యడానికి పని లేదు. చారుకేతు మూడు కొబ్బరి చిప్పలు బోర్లించాడు. ఒకదాని కింద గురివింద గింజ దాచడం కాకి పని. ఖాళీ చిప్ప ఎత్తి చూపించడమూ కాకి పనే. చారుకేతు గెలిస్తే చింతగింజ, ఓడితే గులకరాయి పక్కన పెట్టడం ఉడుత పని.

మొదటి సముద్రంలో చారుకేతు అన్నల పద్ధతిలోనే ఆడాడు. పట్టిన చిప్పను వదల్లేదు. పది ఆటల్లో ఆరు గెలిచాడు.

"ఇంకేం, మీ అన్నల పద్ధతే రైటు! ఇక పడుకుందాం" అంది కాకి.

"పది ఆటలకే తేల్చెయ్యకు కాకీ. ఒక కాకి తెల్లగా కనబడితే కాకులన్నీ తెల్లవే అంటామా? ఇంకా ఆడదాం" అన్నాడు చారుకేతు.

ఆడారు. ఆడగా ఆడగా చూస్తే గులకరాళ్లు గుట్టగా ఉన్నాయి, చింతగింజలు దాదాపు లేవు. కాకి అనుమానంగా ఉడుత బుగ్గల వైపు చూసింది.

"ఒసే ఉడుతా, లెక్క తినేశావుటే?"

"ఆకలేసింది" అంది ఉడుత నోటినిండా గింజలతో.

చారుకేతు నవ్వాడు గాని, ఆ లెక్కను నమ్మలేదు. అంతా చెరిపేసి మళ్లీ మొదటి నుంచి ఆడాడు. ఈసారి గెలిస్తే తెల్లరాయి, ఓడితే నల్లరాయి. మొదటి సముద్రం దాటేసరికి తెల్లరాళ్లకు రెండింతలు నల్లరాళ్లు ఉన్నాయి. పట్టిన చిప్పను వదలకపోతే మూడు ఆటల్లో ఒకటే గెలుపు.

రెండో సముద్రంలో ప్రతి ఆటకూ చిప్ప మార్చాడు. నల్లరాళ్లకు రెండింతలు తెల్లరాళ్లు వచ్చాయి. మూడో సముద్రంలో మళ్లీ మార్చి చూశాడు. మళ్లీ అంతే.

"ఇదేం మాయ!" అంది కాకి. "నేను ఒక చిప్ప ఎత్తేశాక మిగిలేవి రెండే కదా. అటు సగం, ఇటు సగం ఉండాలి."

చారుకేతు చాలాసేపు చిప్పల వంక చూస్తూ కూర్చున్నాడు.

"మాయ కాదు కాకీ. నేను మొదట చెయ్యి వేసేటప్పుడు నాకేం తెలుసు? గుడ్డి ఊహ. మూడుసార్లు వేస్తే రెండుసార్లు తప్పే పడుతుంది. అవునా?"

"అవును."

"నా చెయ్యి తప్పు చిప్ప మీద ఉంటే గింజ మిగిలిన రెంటిలో ఉంది. గింజ ఎక్కడుందో నీకు తెలుసు గనక, ఖాళీదే చూసి ఎత్తుతావు. అప్పుడు నువ్వు ఎత్తకుండా వదిలేసిందేది?"

కాకి మెడ వంచి ఆలోచించింది. "గింజ ఉన్నదే!"

"అదీ సంగతి. నేను తప్పు చిప్ప పట్టిన ప్రతిసారీ మారిస్తే గెలుస్తాను. తప్పు చిప్పేమో మూడింట రెండుసార్లు పడతాను."

తాబేలు మెల్లగా తల తిప్పింది. "మూడోసారి మొదటే సరిగ్గా పట్టి ఉంటే?"

"మార్చి ఓడిపోతాను తాతా. ఓటమి ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. మొత్తం మీద ఎన్ని వస్తాయో మాత్రం చెప్పొచ్చు."

మిగిలిన సముద్రాలన్నీ అలా ఆడుకుంటూనే దాటారు.

దీవి మీద అడుగుపెట్టగానే రాతి మనుషులు కనిపించారు. అందరూ రాజకుమారులే. అందరూ ఒక చెయ్యి ముందుకు చాచి, గంప మీద మోపినట్టే నిలబడిపోయారు. ధ్రువకేతు, జయకేతు పక్కపక్కనే ఉన్నారు. చారుకేతు వాళ్ల కాళ్ల దగ్గరి ఇసుక తుడిచాడు.

వెనక నుంచి ఎవరో, "నువ్వూ వచ్చావా? ఎక్కడ నిలబడతావో చోటు చూసుకున్నావా?" అన్నారు.

తిరిగి చూస్తే ఒక అమ్మాయి. ముత్యాలదీవి రాజకుమారి కువలయ. మాంత్రికుడు ఆమెను ఎత్తుకొచ్చి ఆటకు సాక్షిగా పెట్టుకున్నాడు. గెలిస్తే తెల్లముత్యం, ఓడితే నల్లముత్యం పళ్లెంలో వెయ్యడం ఆమె పని.

"వీళ్లందరి ఆటా చూశావు కదా. ఒక్కొక్కరూ ఎన్ని గెలిచేవారు?" అని అడిగాడు చారుకేతు.

ఆమె ఆశ్చర్యపోయింది. "వచ్చినవాళ్లంతా చిలకకు ఏం పెడతాడు, గంప ఏ కర్రతో అల్లారు అని అడిగేవాళ్లు. ఈ మాట ఎవరూ అడగలేదు. ముప్పై ఆటలూ ఆడితే పది తెల్లముత్యాల మీద ఒకటి అటు, రెండు ఇటు. తెలివైనవాడికీ అంతే, మొద్దుకీ అంతే."

"ఎవరైనా మాట మార్చారా?"

"రాజులు మారుస్తారా?" అంది కువలయ వెటకారంగా.

"ఈ రాజు మారుస్తాడు" అన్నాడు చారుకేతు.

మాంత్రికుడు గంపలు తెచ్చి బోర్లించాడు. ఆట మొదలైంది. చారుకేతు ఎడమ గంప మీద చెయ్యి వేశాడు. మాంత్రికుడు కుడి గంప ఎత్తి ఖాళీ చూపించాడు.

"మనసు మార్చుకుంటావా రాజకుమారా? రెండే మిగిలాయి. అటైనా సగం, ఇటైనా సగం. ఒకటే అయినప్పుడు మాట తప్పి పరువు పోగొట్టుకోవడమెందుకు?"

"మారుస్తున్నాను."

నడిమి గంప ఎత్తారు. ఖాళీ. పళ్లెంలో నల్లముత్యం పడింది.

రెండో ఆట. "మారుస్తున్నాను." నల్లముత్యం.

మూడో ఆట. "మారుస్తున్నాను." నల్లముత్యం.

మాంత్రికుడు పొట్ట పట్టుకుని నవ్వాడు. "మూడుసార్లు మాట తప్పావు, మూడుసార్లు ఓడావు! నిలబడి ఉంటే మూడూ నీవే కదరా! మీ అన్నలు ఓడినా మగాళ్లలా ఓడారు. నువ్వు పరువూ పోగొట్టుకున్నావు, ఆటా పోగొట్టుకున్నావు."

చారుకేతు కాళ్ల వేళ్లు చల్లబడ్డాయి. వంగి చూస్తే, ఆట ముగియకముందే గోళ్లు రాయిగా మారడం మొదలైంది. కాకి అతని చెవి దగ్గరికొచ్చి, "పోనీ ఈసారికి మార్చకు బాబూ" అంది.

"నువ్వేనా కాకీ ఈ మాటనేది? మూడు ఆటలకే తేల్చేస్తామా?" అన్నాడు చారుకేతు. మాంత్రికుడి కళ్లలోకి చూశాడు. "గంపలు బోర్లించు."

నాలుగో ఆట. "మారుస్తున్నాను." గంప కింద పచ్చగా చిలక. తెల్లముత్యం.

ఆట సాగింది. మాంత్రికుడు తిట్టాడు. చారుకేతు మార్చాడు. మాంత్రికుడు పొగిడాడు. చారుకేతు మార్చాడు. మాంత్రికుడు అన్నల గొంతుతో, "తమ్ముడూ, మా పరువు తియ్యకురా" అని మాట్లాడాడు. చారుకేతు కళ్లు తుడుచుకుని, మార్చాడు. మధ్యలో మళ్లీ ఓడాడు, మళ్లీ గెలిచాడు. పదో ఆటకు రెండు రంగులూ సమానమయ్యాయి. ఇరవయ్యో ఆటకు తెల్లముత్యాలు పన్నెండు, నల్లవి ఎనిమిది. మాంత్రికుడి నవ్వు ఆగిపోయింది.

"ఏ మంత్రం వేశావురా?"

"మంత్రం నీది. లెక్క నాది. తెలిసి తెలిసి ఖాళీ గంప ఎత్తి, చిలక ఎక్కడుందో ప్రతిసారీ నువ్వే సగం చెబుతున్నావు. నువ్వు చెప్పింది విననివాళ్లు ఇక్కడ రాళ్లయి నిలబడ్డారు. నేను విన్నాను."

ఇరవయ్యారో ఆటలో పదహారో తెల్లముత్యం పళ్లెంలో టంగుమని పడింది.

"సగం దాటింది" అంది కువలయ. ఆమె గొంతు దీవంతా వినిపించింది.

చారుకేతు చిలకను రెండు చేతులా ఎత్తుకున్నాడు. "మెడ విరిచెయ్యి!" అంది కాకి.

"దీని తప్పేముంది?" అని చారుకేతు దాన్ని గాలిలోకి వదిలేశాడు. చిలక మొదట తడబడింది, తరవాత సముద్రం మీదికి ఎగిరింది. అది దూరమైన కొద్దీ మాంత్రికుడు చిన్నవాడయ్యాడు. కుండంత అయ్యాడు, కొబ్బరికాయంత అయ్యాడు, ఆవగింజంత అయ్యాడు, లేకుండా పోయాడు. రాళ్లు మనుషులయ్యాయి, చారుకేతు గోళ్లూ మామూలయ్యాయి. కొండ గుహలోంచి మేఘాలు ఒకదాన్నొకటి తోసుకుంటూ బయటపడ్డాయి.

చారుకేతు అన్నలతో కలిసి గాలి ఓడలో మాటకోట చేరేసరికి కుండపోతగా వాన. జనం వీధుల్లో తడుస్తున్నారు. కోట తలుపు మాత్రం వేసి ఉంది. దృఢవర్మ బురుజు మీద నిలబడ్డాడు.

"మాట మార్చావా?"

"ఆడిన ప్రతిసారీ మార్చాను. ఒకరికి ఇచ్చిన మాట ఎన్నడూ తప్పను నాన్నగారూ. కానీ నేను చేసింది ప్రమాణం కాదు, ఊహ. తప్పని తెలిశాక ఊహను పట్టుకు వేళ్లాడడం ధర్మం కాదు. రేపు మళ్లీ అవసరమైతే మళ్లీ మారుస్తాను. క్షమించమని మాత్రం అడగను."

రాజు బురుజు దిగాడు. వాన పడుతూనే ఉంది. గడపకు అవతల కొడుకులు ముగ్గురూ తడుస్తూ నిలబడ్డారు. పెద్దవాళ్లిద్దరూ తమ్ముడికి చెరో పక్కా ఉన్నారు.

కాసేపటికి కోట తలుపు లోపలి నుంచి తెరుచుకుంది. ముసలి రాజు గొడుగు లేకుండా బయటికొచ్చాడు.

"గడప తొక్కకు అన్నప్పుడు నేను ఈ వాన చూడలేదు" అన్నాడు. "ఇప్పుడు చూశాను. మారుస్తున్నాను. లోపలికి రా నాయనా."

మాటకోటలో ఒక రాజు మాట మార్చడం అదే మొదటిసారి. ఆకాశం విరిగి మీద పడలేదు, వాన మాత్రం ఇంకాస్త జోరందుకుంది.

మళ్లీ వేసవికి కువలయకూ చారుకేతుకూ పెళ్లయింది. తాబేలు ఇంకా దారిలోనే ఉంది గనక దాని కోసం ముహూర్తం రెండుసార్లు మార్చారు. పెళ్లి విందులో కువలయ ఒక మామిడిపండు తీసి భర్తకిచ్చింది. ఇన్నేళ్ల తరవాత మొదటి పండు. చారుకేతు కొరికాడు. కొరికి మొహం చిట్లించాడు.

"పుల్లగా ఉంది."

పంక్తిలో అందరూ తినడం ఆపి చూశారు.

"అయితే వద్దా?" అంది కువలయ.

"ఒక్క పండు చూసి చెప్పేదేముంది? ఆ బుట్ట ఇలా జరుపు" అన్నాడు చారుకేతు.

వాళ్లు చాలాకాలం రాజ్యమేలారు. బుట్ట అడుగు కనిపించేదాకా ఈ కథ చెబుతూనే ఉన్నారట. బుట్ట ఖాళీ అయింది, కథా అయిపోయింది.