రోట్లో చెయ్యి

పూర్వం కుందవరం కోటలో వడ్లు దంచే పైడమ్మకు తన కూతురికి సంగీతం చెప్పించాలని కోరిక. ఆ సంగతి రాజుగారికి విన్నవించుకుంటే, ఆస్థాన విద్వాంసుడు విస్సావధానులు ఆయన ఎదుటే ఆమెను అడిగాడు.

“పాటా తాళమూ ఒక్కచోటే మొదలైతే ఏమంటారు?”

“తెలీదు బాబయ్యా.”

“సమమంటారు. దెబ్బ ఎక్కడ పడుతుందో తెలియని ఇంటి పిల్లకు పాటెందుకు?”

పైడమ్మ రోలు తెప్పించమని రాజుగారిని వేడుకుంది. ఇద్దరు ఆడవాళ్లు వంతులవారీగా రోకళ్లు వేస్తుంటే, దెబ్బకూ దెబ్బకూ మధ్య చెయ్యి పెట్టి గింజలు ఎగదోసింది. ఒక్క వేలూ నలగలేదు.

“ఇప్పుడు తమరు తొయ్యండి బాబయ్యా. దెబ్బ ఎక్కడ పడుతుందో తమకు తెలుసు కదా.”

అవధానులు చెయ్యి చాపి, రోకలి లేవగానే వెనక్కి లాక్కున్నాడు. రాజుగారు నవ్వారు. కాసేపటికి అవధానులూ నవ్వాడు.

“రేపు పిల్లను పంపమ్మా. నేను పేర్లు చెబితే చాలు, తాళం మీ ఇంట్లోనే ఉంది.”