సోలమ్మ వేయించుకున్న ఒట్టు

ఒకప్పుడు కాలేయంలో కాపురముండే కణాలకు ముసలితనమంటే ఏమిటో తెలీదు. అలసట అనిపించిందా, ఇంటి మధ్యలో నిలబడి గిర్రున ఒక్క చుట్టు తిరిగేవి. అంతే, ఒక కణం కాస్తా రెండయ్యేది. రెండూ పడుచువే!

జోగులనే మనిషి కాలేయంలో గోడకి గోడ ఆనుకుని రెండిళ్ళుండేవి. ఒకటి సోలమ్మది, రెండోది మిణుకుది. సోలమ్మ మహా మర్యాదస్తురాలు. గడప తొక్కినవాళ్ళని వెనక్కి పంపితే ఆవిడకి అన్నం సయించదు. మిణుకుకేమో నోరు ఊరుకోదు.

ఓరోజు జోగులుకి బెల్లం రుచి తగిలింది. ఇంకేముంది, అరుగెక్కి కూర్చున్నాడు. చేతులు బెల్లానికీ నోటికీ మధ్య తెగ తిరుగుతున్నాయి. కాళ్ళు మాత్రం కదలవు.

నెత్తుటి కాలువలో చక్కెర గుంపులు గుంపులుగా కొట్టుకొచ్చింది.

"అత్తా, కాళ్ళ దగ్గరికెళ్ళాం. 'మాకు పనే లేదు, మీరెందుకు?' అని అవి తలుపేసేశాయి," అంది బిక్కమొహంతో.

"అయ్యో, నా ఇల్లు లేదూ? రండమ్మా!" అంది సోలమ్మ.

వచ్చిన చక్కెరనంతా కొవ్వు ముద్దలు చేసి అటకెక్కించింది. అటక నిండింది. మంచం కింద నిండింది. పొయ్యి మీద కూడా కొవ్వే.

"పిన్నీ, ఇక కొవ్వుని మంచమ్మీద పడుకోబెట్టి, నువ్వు అటకెక్కు," అని ఆటపట్టించింది మిణుకు.

"నోర్ముయ్యవే!"

మర్నాడు సోలమ్మకి అలసటొచ్చింది. తిరగబోయింది. సగం తిరిగేసరికి భుజం కొవ్వుకి తగిలి ఇరుక్కుపోయింది.

"మిణుకూ! తిరగలేకపోతున్నానే!"

రెండు కాలేదు. పాత సోలమ్మగానూ మిగల్లేదు. ఒళ్ళంతా ముడతలు పడింది. కోపంతో సణగడం మొదలుపెట్టింది. ఆ సణుగుడు వేడివేడిగా గోడ దాటి వచ్చింది. అది తగిలినచోట గోడ రాయిలా బిగిసింది. మిణుకు కుడి చెయ్యి కూడా!

మిణుకు నవ్వు ఆగిపోయింది. ఇవాళ చెయ్యి. రేపు? తనూ తిరగలేకపోతే, తన సణుగుడు పక్కింటికి. అలా వీధి వీధంతా!

కాలువ గట్టుకి పరిగెత్తి కిందికి కేకేసింది. "ఓయ్! మీరు జోగులు కాళ్ళా, మంచం కోళ్ళా?"

"ఎవత్తివే నువ్వు?" అన్నాయి కాళ్ళు.

"మంచం కోళ్ళే నయంలే. ఎవరో ఒకరు మోస్తే అవైనా కదుల్తాయి!"

"మమ్మల్నే అంటావా? చూస్కో!"

కాళ్ళు దిగ్గున లేచాయి. చేతిలో బెల్లంముక్కతో జోగులు బిత్తరపోయాడు. కాళ్ళు కొండదారి పట్టాయి. మొదటి మలుపులోనే రొప్పుతూ అరిచాయి. "ఆకలి! ఏదైనా పంపండి! లేదంటే ఇక్కడే కూలబడతాం!"

"పిన్నీ, తలుపు తియ్యి! కొవ్వు పంపెయ్!"

సోలమ్మ కదల్లేదు. "ఇంత కొవ్వు చూస్తే నలుగురూ ఏమంటారే? సోలమ్మకి ఇల్లు చక్కబెట్టుకోవడం రాదని నవ్వరూ?"

"నేను నవ్వను పిన్నీ!"

"నువ్వే ముందు నవ్వుతావు."

కాళ్ళ అడుగులు నెమ్మదించాయి. మిణుకు ఎడమ చేతి వేళ్ళు బిగుసుకుంటున్నాయి. ఒకటి. రెండు. మూడు.

"ఒట్టెయ్యి," అంది సోలమ్మ. "ఈ ఇంట్లో ఏం నిండినా, ఎంత కష్టమొచ్చినా బయట ఒక్క మాట పొక్కకూడదు. నువ్వే కాదు, నీ పిల్లలూ, వాళ్ళ పిల్లలూనూ."

ఆ నోటితోనే కదా కాళ్ళని లేపింది! దాన్నే కట్టేసుకోవాలా? నాలుగో వేలు బిగిసింది.

"ఒట్టు పిన్నీ."

తలుపు తెరుచుకుంది. కొవ్వు కరిగి కాలువలోకి జారింది. కాళ్ళు కొండ చుట్టేశాయి. సణుగుడు వేడి తగ్గింది. మిణుకు కుడి చెయ్యి సడలింది, ఎడమ చేతి వేళ్ళూ ఒక్కొక్కటే సడలాయి. గిర్రున తిరిగింది. ఇద్దరు మిణుకులు!

ఇల్లు ఖాళీ అయినా సోలమ్మ మాత్రం తిరగలేకపోయింది. "నాకు వేళ దాటిపోయిందే," అని గడపలో కూర్చుని సన్నగా సణుక్కుంది.

ఇద్దరు మిణుకులూ నవ్వబోయి, నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నారు.

అప్పటినుంచే కొన్ని కణాలు రెండుగా మారలేక, పోనూలేక, ముసలివై సణుగుతూ పక్కవాళ్ళనీ ముసలివాళ్ళని చేస్తాయి. అప్పటినుంచే కాలేయం గొంతుదాకా కొవ్వు నిండినా కిక్కురుమనదు. కాళ్ళు లేచి నడిచినప్పుడు మాత్రం, చప్పుడు కాకుండా తలుపు తీస్తుంది.