గురవమ్మ కక్కు, పెద్దయ్య నునుపు

అనగనగా ఒక ఊళ్ళో, కాలు మోపితే సర్రున జారే ఊళ్ళో, గురవమ్మ అని ఒకావిడ ఉండేది. ఆవిడ పని రోళ్ళకు కక్కు కొట్టడం.

కక్కంటే వాంతి కాదే, నవ్వకు! రుబ్బగా రుబ్బగా రోలు నున్నబడిపోతుంది కదా. అప్పుడు పప్పు నలగదు, పక్కకి జారిపోతుంది. ఉలితో టకటకా చిన్న చిన్న గాట్లు పెడితే, రోలు మళ్ళీ పప్పుని పట్టుకుంటుంది. ఆ గాట్లే కక్కు.

ఆ ఊరి పెద్ద పేరు శోభనాద్రి. ఆయనకి నునుపంటే పిచ్చి. చెడుగుడు బరిని నున్నగా మెత్తించాడు. కూతకి పోయినవాడు ఆగలేక అవతలి ముళ్ళకంపలో పడ్డాడు. ఆ తర్వాత కుస్తీ గోదాలో మట్టి తీయించేశాడు. ఒంటికి అంటే మట్టి లేక, చెమట పట్టిన వస్తాదులు పట్టు దొరక్క ఒకరి చేతుల్లోంచి ఒకరు జారిపోయారు. ఆ తర్వాత తను గుండాట ఆడుకోవడానికి పొడుగాటి నాపరాళ్ళ బాట వేయించి, అద్దంలా తోమించి, పైన ఆముదం పట్టించాడు. ఈ చివర నిలబడి రాతి గుండు విసిరితే, ఆ చివర తొమ్మిది చెక్కబొమ్మలు పడాలి. అదీ గుండాట.

ఒకరోజు ఆయన గుండు ఎత్తాడు. సరిగ్గా అప్పుడు పక్కనుంచి పనిముట్ల బుట్టతో పోతున్న గురవమ్మ, "రోళ్ళకు కక్కు కొడతామమ్మా, కక్కూ!" అని కేకేసింది. ఆయన ఉలిక్కిపడ్డాడు. గుండు పక్క కాలవలో పడింది.

"ఏమే! ఊరంతా నేను నునుపు చేయిస్తుంటే నువ్వు గాట్లు పెడుతున్నావా?" అని ఆవిడ ఉలి లాక్కుని మొలలో దోపుకున్నాడు. "పొద్దు గుంకేలోగా ఊరు దాటు."

గురవమ్మకి ఉలి లేకపోతే గంజి లేదు. ఆవిడ ఆ బాట మొదట్లోనే చతికిలబడి కూర్చుంది.

"పోను," అంది.

"ఏమన్నావ్?"

"పోనన్నాను."

"పోకుండా ఏం చేస్తావే?"

"కూర్చుంటాను."

చూస్తున్నవాళ్ళు కిసుక్కుమన్నారు. శోభనాద్రి మొహం ఎర్రబడింది.

"అయితే గుండాట ఆడు. నీకు మూడు విసుర్లు. ఒక్కసారైనా తొమ్మిదీ పడ్డాయా, ఉలీ నీది, ఊరూ నీది. పడలేదా, పొలిమేర చూపిస్తా."

ఆయనే ఏనాడూ ఏడు దాటలేదులే! నడిమివి పడేవి, అంచుల్లోవి నిలబడేవి. అయినా గురవమ్మ లేచి, కొంగు దోపి, "కానీ," అంది.

అప్పుడు మొదటి గుండు తీసుకుంది. నున్నటి గుండు, నూనె గుండు. అది చేతిలోంచి జారి కాలవలోకి పోయింది. అందరూ ఘొల్లుమన్నారు.

ఆ తర్వాత రెండో గుండు తీసుకుంది. ఈసారి రెండు చేతులా పట్టి విసిరింది. అది దొర్లలేదు, జారింది. జారిపోయి జారిపోయి, బొమ్మల దగ్గరికి వచ్చాక ఒక్కసారి తడబడి దొర్లడం మొదలెట్టింది. అయిదు పడ్డాయి.

గురవమ్మ కళ్ళు చికిలించి చూసింది. "ఆ చివర నూనె రాయలేదేం పెద్దయ్యా?"

"రాస్తే బొమ్మలు నిలబడతాయా, మొద్దూ! వాటంతటవే జారి పడవూ? ఇంకొక్క విసురే ఉంది. గుండుకి కూడా కక్కు కొడతావేమిటి?"

"కొట్టేశానుగా, మొన్ననే. అక్కమ్మవ్వా, నీ పొత్రం ఇలా ఇవ్వు!"

పొత్రమంటే రుబ్బురోట్లో తిప్పే రాయి, దానికీ కక్కు కొడతారు. ఎదురింటి ముసలమ్మ అక్కమ్మవ్వ దాన్ని చంకన పెట్టుకుని మోసుకొచ్చింది. "ఏ రాయైతేనేం, తెచ్చుకోనీ," అని శోభనాద్రి పకపకా నవ్వాడు.

అప్పుడు గురవమ్మ పొత్రాన్ని ఒడిసి పట్టింది. కక్కు ఉంది కదా, అది చేతిలోంచి జారలేదు. మణికట్టు మెలితిప్పి విసిరింది. నూనె ఉన్నంత మేరా పొత్రం గిరగిరా తిరుగుతూ జారిపోయింది. కుడి అంచుకి పోతోంది. "పోయిందర్రా, కాలవే!" అన్నారు.

కాలవ దాకా పోలేదు. నూనె లేని చోటుకి వచ్చింది. కక్కు రాయిని కరిచింది. కరవగానే పొత్రం గిరుక్కున ఎడమకి తిరిగింది! అంచు బొమ్మని కొట్టింది. అది పక్కదాని మీద పడింది, పక్కది దాని పక్కదాని మీద. ఒకటి, రెండు, మూడు... తొమ్మిదీ!

"చెల్లదు! ఉలి ఇవ్వను!" అని అరుస్తూ శోభనాద్రి బాట మీదకి పరిగెత్తాడు. పరిగెత్తినవాడు నట్టనడుమ దభీమని కూలబడ్డాడు. లేచాడు, పడ్డాడు. లేచాడు, పడ్డాడు. మళ్ళీ లేచాడు, వెల్లకిలా పడ్డాడు. పట్టుకోబోయిన ఇద్దరు వస్తాదులూ ఆయన పక్కనే పడ్డారు.

"గురవమ్మా, ఏదో ఒకటి చెయ్యవే!"

"చేసేదేదైనా ఉలితోనే పెద్దయ్యా. ఇటు తొయ్యి."

ఆయన మొలలోంచి తీసి తోశాడు. ఆముదం మీద ఉలి జర్రున జారి గురవమ్మ కాలి దగ్గర ఆగింది.

అప్పుడు ఆవిడ బుట్టలోంచి సుత్తి తీసింది. టక్ టక్ టక్. ఒక అడుగు మేర కక్కు కొట్టింది, దాని మీద కాలు మోపింది. టక్ టక్ టక్. ఇంకో అడుగు. అలా నడుమ దాకా పోయి, ఆయన చెయ్యి పట్టి లేపి నిలబెట్టింది.

"అయ్యో, నా బండ!" అని ఆయన లబోదిబోమన్నాడు.

"ఇంకా సగం నున్నగానే ఉందిగా పెద్దయ్యా. అటువైపు నుంచి పోతావా? దానికీ కొట్టనా?"

శోభనాద్రి ఆ నునుపు చూశాడు. తన నడుం పట్టుకు చూసుకున్నాడు.

"కొట్టు," అన్నాడు.

"ఏమన్నావూ? గట్టిగా చెప్పూ," అంది గురవమ్మ.

"కొట్టవమ్మా!"

ఊరంతా విన్నది.

కథేమో కంచికి,
కక్కేమో రోటికి,
నిద్దరేమో కంటికి,
జారకుండా మనం ఇంటికి!