వాలులో బిగించిన గట్టు

కనకవల్లికి నలభై ఆరేళ్లు. పాత స్కూలు వ్యాను కొని, దాన్నే ఇల్లుగా మార్చుకుని ఊళ్లు తిరుగుతానంది. అన్నయ్య శేషగిరి పడీపడీ నవ్వాడు. అన్నలకి నవ్వడం తేలిక.

"ఆదివారానికి అందులో పొయ్యి పెట్టి వంట చేసి చూపించు. చెయ్యలేకపోతే అది అమ్మేసి మా ఇంట్లో ఉందువుగాని."

ఆమె సరేనంది. అన్న ఇంటి వెనక గదిలో పడి ఉండడం కంటే రోడ్డు మీద పడుకోవడం నయమనుకుంది.

ఆటోనగర్లో లారీలకు బాడీలు కట్టే జిలానీ మేస్త్రి దగ్గరికి వ్యాను తీసుకెళ్లి, పని నేర్చుకోవడానికి చేరింది. సుత్తి పట్టడం రాదు గానీ మొండితనం ముగ్గురికి సరిపడా ఉంది. ఆయన సాయం చెయ్యబోతే "నేనే చేస్తా" అనేది. ఆయనా సరేనని బీడీ కాల్చుకునేవాడు.

షెడ్డు బయట వాలులో ఆపిన వ్యానులో ఆమె పొయ్యి గట్టు బిగించింది. రసమట్టం పెడితే బుడగ సరిగ్గా మధ్యలో నిలిచింది. ఆదివారం పొద్దున మేస్త్రిని పిలిచింది.

"వెంట్రుకవాసి తేడా లేదు మేస్త్రిగారూ. చూడండి."

ఆయన చూడలేదు. బండి స్టార్టు చేసి, షెడ్డులోపల చదునైన గచ్చు మీద ఆపాడు. జేబులోంచి బేరింగులో ఉండే ఇనప గోళీ తీసి గట్టు మీద పెట్టాడు. అది దొర్లుకుంటూ పోయి కింద పడింది. దాన్నే ఏరి వ్యాను నేల మీద పెట్టాడు. కదలకుండా కూర్చుంది.

కనకవల్లికి ఏడుపొచ్చినంత పనైంది. "రసమట్టం అబద్ధం చెప్పిందా?"

"అదెందుకు చెబుద్దమ్మా? నువ్వు బండిని అడగలేదు, అంతే."

బండి వాలి నిలబడితే, ఆ వాలుకి తగ్గట్టు గట్టుని వంకరగా బిగించిందన్నమాట.

శేషగిరి వచ్చే వేళయింది. బండిని మళ్లీ వాలులో పెడితే గట్టు చక్కగానే కనబడుతుంది. అన్నం ఉడుకుతుంది, అన్నయ్య నోరు మూతపడుతుంది. ఆమె తాళంచెవి వైపు చూసింది. మేస్త్రి మాత్రం ఆమె వైపు చూడకుండా బీడీ ముట్టించుకున్నాడు.

శేషగిరి వచ్చేసరికి ఆమె గట్టు మరలు ఒక్కొక్కటే విప్పుతోంది.

"నే చెప్పలా? ఓడిపోయానని ఒప్పుకో," అన్నాడు తలుపుకి అడ్డంగా నిలబడి.

"గట్టు వంకరని ఒప్పుకుంటా. ఓడిపోయానని ఒప్పుకోను."

"మాటిచ్చావు మరి."

"ఇచ్చాను. తప్పుతున్నాను. గిన్నె జారిపోయే చోట వండను, నీ వెనక గదిలోనూ ఉండను."

శేషగిరి మేస్త్రి వైపు తిరిగాడు. "మేస్త్రీ, మీరైనా చెప్పండి దీనికి."

జిలానీ మేస్త్రి బీడీ పారేసి లేచాడు.

"కాస్త పక్కకి జరగండి బాబూ. అమ్మాయికి వెలుతురు చాలట్లేదు."