గార్డుగారి రేడియం గడియారం

ఆ రోజు వకుళ పాఠం మధ్యలో చాక్‌పీసు బల్లమీద పెట్టి క్లాసులోంచి బయటికొచ్చేసింది.

రేడియోధార్మిక క్షయం. ఏటా చెప్పే పాఠమే. ఉన్నదాంట్లో సగం తరగడానికి పట్టే కాలం అర్ధాయువు. మిగిలిన సగంలో సగం, అందులో మళ్లీ సగం... బోర్డు మీద గీత కిందికి జారుతుంటే చెయ్యి ఆగిపోయింది.

సరాసరి సదానందం మాస్టారింటికి వెళ్లింది. ఆమెకు ఫిజిక్సు నేర్పింది ఆయనే. రిటైరయ్యాక కాలేజీల్లో పాడైన పరికరాలు తెచ్చుకుని బాగుచేస్తుంటారు.

"ఏమ్మాయ్, క్లాసు ఎగ్గొట్టావా? చదువుకునే రోజుల్లో కూడా ఈ పని చెయ్యలేదే!"

ఆమె నవ్వలేదు.

"నిన్న సుహాస పుట్టినరోజు మాస్టారూ."

ఆయన స్క్రూడ్రైవరు కింద పెట్టారు. సుహాస వకుళ ఒక్కగానొక్క కూతురు. జ్వరంతో పోయి కొన్నేళ్లయింది.

"సాయంత్రం దాకా గుర్తే రాలేదు. గుత్తివంకాయ చేసుకుని, మారు వడ్డించుకుని తిన్నాను. గుర్తొచ్చాక ఏడుద్దామని కూర్చుంటే ఏడుపూ రాలేదు. మొదట్లో దాని పేరు వింటేనే తట్టుకోలేకపోయేదాన్ని." వేళ్లకు అంటిన సుద్ద తుడుచుకుంది. "కన్నప్రేమకు కూడా అర్ధాయువు ఉంటుందా మాస్టారూ? నాలో అది అయిపోయిందా?"

ఆయన బీరువా తెరిచి పాత చేతిగడియారం ఒకటి తెచ్చారు.

"మా నాన్నది. రైల్వే గార్డుగా చేసేవారు. చీకట్లో టైము కనపడాలని అంకెలకు రేడియం పూత వేశారు. బండ్ల వెనక స్టిక్కర్లను రేడియం అంటారు చూడు, అది కాదు. అసలు రేడియం. చిన్నప్పుడు దుప్పట్లో దూరి దీని వెలుగు చూస్తూ నిద్రపోయేవాణ్ణి. కొని డెబ్బై ఏళ్లు. ఇందులో రేడియం ఎంత మిగిలిందో లెక్క కట్టు."

"ఇప్పుడా?"

"ఇప్పుడే."

పేపరు అంచున లెక్క కట్టింది. రేడియం అర్ధాయువు పదహారు వందల ఏళ్లు. దాని ముందు డెబ్బై ఏళ్లు ఏపాటి?

"నూటికి మూడు పాళ్లే తరిగింది మాస్టారూ. తొంభై ఏడు అలాగే ఉంటుంది."

"అయితే వెలగాలిగా. చూద్దాం."

ఆయన కిటికీలు మూసి, వెంటిలేటరుకు దుప్పటి కట్టి, లైటు ఆర్పేశారు. చీకటికి కళ్లు అలవాటు పడేదాకా ఆమె ఆగింది. గడియారాన్ని కంటి దగ్గరికి తెచ్చుకుంది. ఒక్క అంకె కూడా కనపడలేదు.

మనసులో లెక్క మళ్లీ కట్టింది. తప్పేమీ లేదు.

"వెలగట్లేదు మాస్టారూ." గడియారాన్ని కిందికి దించింది. "అయిపోయింది."

చీకట్లో ఏదో స్విచ్చి నొక్కిన చప్పుడు. ఆయన బాగుచేస్తున్న గైగర్ కౌంటరు, రేడియోధార్మికతను పసిగట్టే యంత్రం. కాసేపటికి టిక్ అంది. ఇంకాసేపటికి మరొకటి.

"గాల్లో, గోడల్లో ఉండే కాస్త రేడియోధార్మికతకు ఆ మాత్రం అంటూనే ఉంటుంది," అంటూ ఆయన దాన్ని గడియారం దగ్గరికి తెచ్చారు.

కాగిన నూనెలో గుప్పెడు ఆవాలు పడ్డట్టు గదంతా చిటపటలాడిపోయింది.

వకుళ గడియారాన్ని దూరంగా జరిపింది. చప్పుడు సన్నగిల్లింది. దగ్గరికి తెచ్చింది. మళ్లీ హోరు. అరచేతిలో చూస్తే చీకటి తప్ప ఏమీ లేదు.

"ఇదంతా... దీన్లోంచేనా?"

"మా నాన్న ఉన్నప్పుడూ ఇంతే, పోయాకా ఇంతే. బీరువాలో బట్టల కింద కూడా ఇంతే."

"మరి వెలుగేది?"

"రేడియంతో ఒక పొడి కలిపి పూస్తారమ్మా. దీని దెబ్బ తగిలినప్పుడల్లా ఆ పొడి మెరుస్తుంది. అన్నేళ్లు దెబ్బలు తిని, మెరిసి మెరిసి, పాపం, పొడి అలిసిపోయింది."

వకుళ గడియారం మీద గుప్పిట మూసింది. కౌంటరు మాత్రం ఊపిరి సలపనట్టు కొట్టుకుంటూనే ఉంది.

"లైటు వెయ్యనా అమ్మాయ్?"

"వద్దు మాస్టారూ," అంది వకుళ. "కాసేపు విననివ్వండి."